లక్ష తీసుకున్నోడు జైలుకి – మరి మిగతావాళ్ళు?

మొన్న మా మండలంలో రాత్రి మీటింగు అయిపోయి జంపకానా మడత పెడుతుంటే ఒక పిల్లోడు అడిగాడు. ఇంటరు చదువుతున్నాడు. "మాస్టారూ, ఈ నాయకుల మీద పెడతన్న అవినీతి కేసులు నిజం కేసులా, కక్ష కేసులా?" అక్కడున్న పెద్దోళ్ళు నవ్వారు. ఒకాయన "మనోడి మీద పెడితే కక్ష, అవతలోడి మీద పెడితే నిజం, అంతేరా" అన్నాడు. అందరూ ఇళ్ళకు పోయారు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా దగ్గర కూడా అంతకన్నా మంచి జవాబు లేదు.

మిత్రులారా, గుర్తు చేసుకోండి. 2012 మే 27న సిబిఐ జగన్మోహన్ రెడ్డిని అరెస్టు చేసింది. పదహారు నెలలు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. అప్పుడు సెంటర్లో టైర్లు తగలబెట్టిందెవరు? మన పల్లెలోని కుర్రాళ్ళు. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో సిఐడి చంద్రబాబు నాయుడిని అరెస్టు చేసింది. స్కిల్ డెవలప్‌మెంట్ కేసు. 52 రోజులు రాజమండ్రి జైల్లో ఉన్నాడు. అప్పుడు కంచాలు మోగించిందెవరు? వాళ్ళలోనూ మనోళ్ళే. జెండా మారింది, భుజం మారలేదు. ఆ టైర్ల కేసుల్లో పేర్లెక్కినోళ్ళు వాయిదాలకు తిరుగుతూనే ఉన్నారు. నాయకులకు బెయిలొచ్చింది, ముఖ్యమంత్రి పదవులూ వచ్చాయి. మనోడికి పోలీసు స్టేషన్లో పేరు మిగిలింది.

అందుకని ఈ ప్రశ్నని నవ్వి వదిలేయటానికి వీల్లేదు. అవినీతి కేసు వెనకాల రాజకీయ కక్ష ఉండగలదా? ఉండగలదు, ఉంటున్నది కూడా. అయితే కక్షతో పెట్టిన కేసు అబద్ధపు కేసే అయి ఉండాలా? అక్కర్లేదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలిపి కలగాపులగం చేసి మన నెత్తిన రుద్దుతున్నారు. పొలం గట్టు కొట్టేసినోడి మీద పాత పగతో ఫిర్యాదు పెట్టినా, గట్టు కొట్టిన సంగతి నిజం కాకుండా పోదు. ఆ గట్టే కొట్టిన ఇంకో నలుగుర్ని ఎందుకు వదిలేశారు అన్నది ఇంకో ప్రశ్న. అసలు మనం గట్టిగా అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.

మన తెలుగు నేల మీద అవినీతి నిరోధక శాఖ, అదే ఏసీబీ, ఎవరి కాలంలో పుట్టిందో మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? 1961 జనవరిలో, దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టిన మాల బిడ్డ, దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా, అంటే నిండా రెండేళ్ళ రెండు నెలలు. ఆయన మీదే సొంత పార్టీ పెద్ద కులాలోళ్ళు ఢిల్లీకి అవినీతి పితూరీలు మోశారని మన పెద్దోళ్ళు చెప్పుకుంటారు. విచారించడానికొచ్చిన మనిషి పెద్దపాడు వెళ్ళి చూస్తే, ముఖ్యమంత్రి తల్లి గుడిసె బయట పొయ్యి మీద మట్టికుండలో అన్నం వండుకుంటా ఉందంట. ఆ కథలో ఎంత నిజమో ఎంత కలిపిందో మేము తేల్చబోవటం లేదు. కానీ జనం ఆ కథని అరవయ్యేళ్ళుగా ఎందుకు మోస్తున్నారు? దళితుడు కుర్చీలో కూర్చుంటే ముందు వచ్చేది అవినీతి మాటే అని జనానికి తెలుసు గనక.

ఇప్పుడు యంత్రాంగం ఎట్లా నడుస్తదో చూద్దాం. సిబిఐ అంటే మన పల్లెలో దేవుడి ఉంగరం లాంటి మాట. "సిబిఐ ఎంక్వయిరీ వేయాలి" అని మనమే నినాదాలిస్తాం. ఆ సిబిఐ నడిచేది 1946 నాటి ఢిల్లీ పోలీసు చట్టం కింద. దాని పగ్గం ఢిల్లీ సర్కారు చేతిలో. రాష్ట్రంలో అడుగు పెట్టాలంటే రాష్ట్ర సర్కారు ఒప్పుకోవాలి. 2018లో చంద్రబాబు ప్రభుత్వం ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకుంది. 2019లో జగన్ వచ్చి మళ్ళీ ఇచ్చాడు. 2022లో తెలంగాణలో కేసీఆర్ ప్రభుత్వం తీసేసింది. సిబిఐ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ లెక్కే కాదు. ఢిల్లీతో దోస్తీ ఉందా లేదా అన్నదే లెక్క. రాష్ట్రం చేతిలో ఉన్న ఏసీబీ, సిఐడిల సంగతీ అంతే. కుర్చీ మారగానే ఫైళ్ళు కదులుతాయి, కుర్చీ మారగానే ఫైళ్ళు పడుకుంటాయి. అధికారి మీద కేసు నడపాలంటే పై సర్కారు అనుమతి కావాలి. 2018లో చట్టం మార్చి, అధికారి తీసుకున్న నిర్ణయాల మీద విచారణ మొదలెట్టటానికే ముందు అనుమతి కావాలన్నారు. అనుమతి ఇచ్చే చెయ్యి ఎవరిదో, ఆపే చెయ్యి కూడా వాళ్ళదే.

2013 మేలో బొగ్గు కేసులో సుప్రీం కోర్టే సిబిఐని పంజరంలో చిలక అంది. అప్పుడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెసు. ఇప్పుడు అదే కాంగ్రెసు అదే మాట తిప్పి అంటున్నది. పంజరం తలుపు తీద్దామని మాత్రం వీళ్ళూ అనలేదు, వాళ్ళూ అనలేదు.

పాత సంగతి కూడా ఒకటి చెప్పాలి. హవాలా డైరీలు సిబిఐ చేతికి 1991లో చిక్కాయి. నాలుగేళ్ళు పైగా మూలన పడ్డాయి. 1996 జనవరిలో, పార్లమెంటు ఎన్నికలకు మూడు నాలుగు నెలల ముందు, మన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా చార్జిషీట్లు పడ్డాయి. అద్వానీ మీదా పడ్డాయి, పి.వి. సొంత మంత్రుల మీదా పడ్డాయి. 1997లో ఢిల్లీ హైకోర్టు అద్వానీ మీద కేసు కొట్టేసింది. ఆ డైరీ కాగితాలు సాక్ష్యానికి చాలవంది. డబ్బు చేతులు మారిందా లేదా అనేది ఈ దేశానికి ఎప్పటికీ తెలియకుండా పోయింది. కక్షతో, హడావిడిగా పెట్టిన కేసు వల్ల జరిగే అన్యాయం ఇదే. నిర్దోషి ఇరుక్కోవటం ఒక్కటే కాదు, దొంగ ఉంటే వాడు కూడా కడిగిన ముత్యంలా బయటికొస్తాడు.

ములాయం సింగ్ సంగతి చూడండి. ఆస్తుల మీద విచారణ చెయ్యమని 2007 మార్చిలో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ ఏడాదే కేసు పెట్టడానికి తగ్గ ఆధారాలున్నాయని సిబిఐ అంది. 2008 జులైలో అణు ఒప్పందం మీద మన్మోహన్ సింగ్ సర్కారు పడిపోయే స్థితి వస్తే ములాయం పార్టీ ఓట్లేసి నిలబెట్టింది. 2008 డిసెంబరులో అదే సిబిఐ, మా దరఖాస్తు మేము వెనక్కి తీసుకుంటామని కోర్టుకు పోయింది. అదే రోజుల్లో ఆ సర్కారుకు మద్దతు తీసేసిన మాయావతి మీద ఆస్తుల కేసు మాత్రం నడుస్తానే ఉంది. 2003లో తాజ్ కారిడార్ గురించి సుప్రీం కోర్టు విచారణ చేయమంటే, సిబిఐ దాన్ని పట్టుకుని ఆస్తుల మీద వేరే కేసు కట్టింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 2012 జులై 6న, మేము చెప్పింది ఒకటి, మీరు చేసింది ఇంకొకటి అని సుప్రీం కోర్టే దాన్ని కొట్టేసింది. ఈ తొమ్మిదేళ్ళూ ఆ కేసు ఏంటి? మెడకు కట్టిన పలుపు. అవసరమొస్తే లాగొచ్చు, అవసరం లేకపోతే వదులు చెయ్యొచ్చు. బెహన్‌జీ ఆస్తులన్నీ కడిగిన ముత్యాలని మేము చెప్పటం లేదు. కోర్టు కూడా ఆ మాట అనలేదు. కేసు పెట్టే అధికారం లేదంది, అంతే. ఆ తేడా మన పత్రికల్లో రాసేటప్పుడు మనోళ్ళే మింగేశారు. అది మాకు నచ్చలేదు.

ఇప్పుడు ఈడీ కాలం. 2025 మార్చిలో కేంద్ర సర్కారే రాజ్యసభలో చెప్పిన లెక్క: పదేళ్ళలో రాజకీయ నాయకుల మీద ఈడీ పెట్టిన కేసులు 193, శిక్ష పడినవి 2. మిగతా 191 కేసుల్లో అందరూ నిర్దోషులని కాదు, చాలా కేసులు ఇంకా నడుస్తున్నయ్యి. కానీ ఆ చట్టంలో బెయిలు దొరకటం ఏనుగు సూది బెజ్జంలో దూరటం లాంటిది. ఢిల్లీ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న సిసోడియా 17 నెలలు లోపలుండి 2024 ఆగస్టులో బయటికొచ్చాడు. అప్పటికి విచారణే మొదలవలేదు. శిక్ష ముందు, విచారణ తర్వాత. మన పల్లె కుర్రాడికి ఇది కొత్తేమీ కాదు. దొంగతనం కేసులో బెయిలు పూచీకత్తుకి భూమి పట్టా ఎక్కడ తెస్తాడు? నెలలు నెలలు సబ్ జైల్లో ఉంటాడు. ఆయన గురించి ఏ లాయరూ ఢిల్లీ నుంచి విమానంలో రాలేదు.

ఇక అసలు మాటకొస్తున్నాం. బంగారు లక్ష్మణ్.

ఆయన పార్టీ మన పార్టీ కాదు. ఆ పార్టీ మనుషుల్ని ఎట్లా చూస్తదో మనకు తెలుసు. హైదరాబాదులో పుట్టిన దళితుడు, 2000 ఆగస్టులో బిజెపి జాతీయ అధ్యక్షుడయ్యాడు. 2001 మార్చి 13న తెహల్కా టేపులు బయటికొచ్చాయి. లేని కంపెనీ పేరు చెప్పుకుని వచ్చిన విలేకరుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుని సొరుగులో పెట్టుకోవటం దేశమంతా టీవీల్లో చూసింది. పార్టీ నిధికన్నాడు. రాజీనామా చేశాడు. కేంద్రంలో వాళ్ళ సర్కారున్న మూడేళ్ళూ లక్ష్మణ్ మీద కేసు లేదు. టేపు తీసిన తెహల్కా వాళ్ళనీ, వాళ్ళకు పెట్టుబడి పెట్టినోళ్ళనీ వెంటాడటానికే ఆ సర్కారుకి టైము సరిపోయింది. 2004లో కాంగ్రెసు కూటమి వచ్చింది, డిసెంబరులో సిబిఐ కేసు పెట్టింది. 2012 ఏప్రిల్ 28న నాలుగేళ్ళ కఠిన శిక్ష పడింది. 73 ఏళ్ళ వయసులో తీహార్ జైలు. 2014 మార్చి 1న సికింద్రాబాదులో చనిపోయాడు.

ఆ లక్ష ఆయన తీసుకున్నాడా? తీసుకున్నాడు. అందులో మాకు పేచీ లేదు. "దళితుడు గనక ఇరికించారు" అని ఆ రోజుల్లో కొందరు మనోళ్ళు కరపత్రాలేశారు. మేము సంతకం పెట్టలేదు. కానీ అవే టేపుల్లో ఉన్న మిగతావాళ్ళ సంగతేమయింది? రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ చేత్తో డబ్బు తీసుకోలేదు, కానీ ఆయన అధికార నివాసంలోనే బేరాలు జరిగాయి. 2001 మార్చిలో రాజీనామా చేశాడు, అక్టోబరులో మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పార్టీ అధ్యక్షురాలు జయా జైట్లీకి శిక్ష పడింది 2020 జులైలో, లక్ష్మణ్ కన్నా ఎనిమిదేళ్ళ తర్వాత. ఆ రోజే హైకోర్టు శిక్ష నిలిపేసింది. ఒక్క రాత్రి కూడా జైలన్నం తినలేదు.

బిజెపిలోనే ఇంకొకాయన. దిలీప్ సింగ్ జూదేవ్, జష్‌పూర్ రాజకుటుంబం. కేంద్ర మంత్రిగా ఉంటా 2003 నవంబరులో నోట్ల కట్టలు తీసుకుంటూ కెమెరాకి దొరికాడు. మంత్రి పదవి పోయింది, కేసు పడింది. మరి పార్టీ? 2009లో బిలాస్‌పూర్ నుంచి లోక్‌సభకు నిలబెట్టింది, గెలిపించుకుంది. లక్ష్మణ్‌ని మాత్రం మళ్ళీ ఏ పెద్ద కుర్చీ దరిదాపులకూ రానీయలేదు. 2004లో ఆయన భార్యకి రాజస్థాన్‌లో టికెట్టిచ్చారు, ఆమె గెలిచింది కూడా. అది దాచిపెట్టి రాస్తే మేమూ వాళ్ళలాగే అవుతాం. అయినా సరే, కట్టలు ఒకలాంటివే, కెమెరా ఒకలాంటిదే, రాజుగారి చెయ్యి వేరు, మన చెయ్యి వేరు.

తమిళనాడు దళితుడు ఎ. రాజా సంగతి ఇంకో రకం. లక్షా 76 వేల కోట్లు అన్నారు. అది దొంగిలించిన సొమ్ము కాదు, వచ్చి ఉండాల్సింది రాలేదని కాగ్ వేసిన అంచనా. కానీ మా హోటల్లో టీ తాగే రైతు దగ్గర్నుంచి అందరూ "ఆ మాలోడు లక్షా 76 వేల కోట్లు మింగాడంట" అన్నారు. ఆ రోజు మేము అక్కడే కూర్చుని ఉన్నాం. టీ గొంతు దిగలేదు. 2011 ఫిబ్రవరిలో అరెస్టు, 15 నెలలు జైలు. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసినా పనికొచ్చే సాక్ష్యం తెచ్చి చూపించినోడే లేడని ఆ జడ్జి వాపోయాడు. అయితే 122 లైసెన్సులు తప్పుగా ఇచ్చారని 2012లో సుప్రీం కోర్టే రద్దు చేసింది. సిబిఐ అప్పీలుకు పోయింది, 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని విచారణకు తీసుకుంది. కాబట్టి ఆ కథ ఆ కోర్టుతో అయిపోలేదు. లైసెన్సులు పొంది లాభపడిన కంపెనీల యజమానుల కులం పేరు టీ హోటల్లో ఎవరన్నా ఎత్తారా? మేము వినలేదు.

మన రాష్ట్రంలో 26 జీవోల కేసు. 2012 మార్చిలో సుప్రీం కోర్టు ఆరుగురు మంత్రులకు నోటీసులిచ్చింది. ఆ ఆరుగురిలో జైలుకి పోయింది మోపిదేవి వెంకటరమణ ఒక్కడు. చేపలు పట్టుకునే కులం నుంచి వచ్చిన బిసి. 2012 మే 24న అరెస్టు చేశారు. మంత్రివర్గమంతా కలిసి ఒప్పుకున్న జీవోలు కావా అని ఆయన మొత్తుకున్నాడు. ఆ ఆరుగురిలో ఈశ్వరీబాయి కూతురు గీతారెడ్డి కూడా ఉంది, ఆమెను అరెస్టు చెయ్యలేదు. కాబట్టి ప్రతిదీ కులంతోనే లెక్క తేలదు. పలుకుబడి, ముఠా, ఢిల్లీ దారి అన్నీ ఉంటాయి. కాకపోతే అవన్నీ కులాన్ని చూసుకునే పుడతాయి. మోపిదేవి తర్వాత జగన్ పార్టీలో మంత్రయ్యాడు, 2024లో తెలుగుదేశంలోకి పోయాడు. ఆయన కోసం బాధపడి ఊరేగింపు చేసిన మత్స్యకారులు ఏ ఒడ్డున ఉన్నారో మాత్రం ఎవరూ అడగలేదు.

పెద్దోళ్ళ సంగతి చాలు. ఊళ్ళోకొద్దాం.

2013 పంచాయతీ ఎన్నికల్లో మా పక్క ఊరు ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఆ ఊరి మోతుబరులు తమ చేలో పని చేసే కుటుంబం నుంచి ఒకామెని నిలబెట్టారు. మేము ఆమెని అక్కా అంటాం. ఏడో తరగతి చదివింది. మొదటి రెండేళ్ళూ ఉపసర్పంచి ఇంటి అరుగు మీద సంతకాలు పెట్టింది. సర్పంచి కుర్చీకే రిజర్వేషను, ఉపసర్పంచికి లేదు. అందుకని ఎక్కడ చూసినా ఆ రెండో కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీకు చెప్పక్కర్లేదు. మూడో ఏడు ఊరి చెరువు చేపల పాట వచ్చింది. ఎప్పుడూ నలుగురూ కూడబలుక్కుని 40 వేలకు కొట్టించుకునేవాళ్ళు. అక్క దండోరా వేయించి, బయట ఊళ్ళోళ్ళని కూడా రానిచ్చి పాట పెట్టింది. 2 లక్షల 10 వేలకు పోయింది. పంచాయతీకి అంత సొమ్ము ఎన్నడూ రాలేదు.

నెల తిరక్కుండా అక్క మీద కలెక్టరుకి అవినీతి ఫిర్యాదు పోయింది. పెట్టింది ఉపసర్పంచి. డివిజను పంచాయతీ అధికారి వచ్చి రికార్డులు కట్ట కట్టి పట్టుకుపోయాడు. 1 లక్షా 38 వేలు తేడా అన్నారు. చెక్ పవర్ ఆపేశారు, సస్పెండ్ చేశారు. చార్జి ఎవరికిచ్చారు? ఫిర్యాదు పెట్టినోడికే.

మేము రికార్డుల జిరాక్సులు సమాచార హక్కు కింద తీయించి, మా ఇంట్లో లాంతరు దగ్గర (కరెంటు పోయింది ఆ రోజు) కూర్చుని లెక్క వేశాం. 92 వేలు సైడు కాలవ కొలతల తేడా. ఎం.బుక్‌లో కొలిచి రాసింది ఇంజనీరు, కాలవ కట్టింది ఉపసర్పంచి బావమరిది. అక్క చేసింది చెక్కు మీద సంతకం. 31 వేలు బ్లీచింగ్ పౌడరు, ట్యూబులైట్లకు వోచర్లు లేవు. సరుకు వచ్చిందని ఊరంతా సాక్ష్యం, కాగితం మాత్రం లేదు. వోచర్లు పెట్టాల్సింది కార్యదర్శి. ఇంక మిగిలింది 15 వేలు. అది మాత్రం అక్క భర్త సెల్ఫ్ చెక్కు మీద తీసుకుని కూతురు ఆపరేషనుకు వాడాడు. మళ్ళీ కట్టలేదు.

ఆ 15 వేల దగ్గర మా సంఘం రెండుగా చీలింది. కొందరు, "లక్షా 23 వేలు వాళ్ళు మింగారు, మనం 15 వేల మాట ఎత్తితే వాళ్ళ చేతికి కర్రిచ్చినట్టే, నోరు మూసుకుందాం" అన్నారు. ఇంకొందరు, "తప్పు చేసింది గనక వదిలేద్దాం, సంఘం పేరు పాడయిపోద్ది" అన్నారు. మూడు రాత్రులు మాటలయ్యాయి. చివరికి అక్కే తేల్చింది. "మాస్టారూ, ఆ పదిహేను వేలు మాయే. కడతాం. మిగతాది ఎవరిదో ఆళ్ళని కట్టమనండి" అంది. భర్త గొర్రెలమ్మి కట్టాడు. అంబేద్కర్ బొమ్మ దగ్గర మీటింగు పెట్టి, రసీదు చదివి వినిపించి, ఇంజనీరు మీదా కార్యదర్శి మీదా కంట్రాక్టరు మీదా అదే విచారణ వెయ్యమని అర్జీ పెట్టాం. ఏమయింది? కార్యదర్శికి బదిలీ. ఇంజనీరు రిటైరయి పింఛను తీసుకుంటున్నాడు. కంట్రాక్టరు మీద కాగితం ముక్క కూడా కదల్లేదు. అక్క కుర్చీ ఎక్కకుండానే 2018లో పంచాయతీ గడువు అయిపోయింది. రికవరీ నోటీసు మాత్రం అక్క పేరు మీదే వచ్చింది. ఆ తర్వాత ఏడు చేపల పాట 45 వేలకు పోయింది.

సర్పంచిని జనం నేరుగా ఎన్నుకుంటారు గనక అవిశ్వాసం పెట్టి దించటానికి చట్టంలో దారి లేదు. అవిశ్వాసం ఉపసర్పంచికే. మరి దళిత సర్పంచి మాట వినకపోతే ఏం చేస్తారు? అవినీతి ఆరోపణ ఒక్కటే దారి. 1994 పంచాయతీరాజ్ చట్టం 249 సెక్షను కలెక్టరుకి ఆ కత్తి ఇచ్చింది. తెలంగాణ 2018లో కొత్త చట్టం తెచ్చింది. దాంట్లో ఆ కత్తీ ఉంది, పైగా చెక్కు మీద ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలన్నది. దళిత సర్పంచి సంతకం ఒక్కటీ చెల్లకుండా చేసే తాళం చెవి ఎవరి మొలలో పెట్టారో చూడండి.

ఇప్పుడు ఢిల్లీలో పెద్ద గోల. 2025 ఆగస్టు 20న కేంద్రం 130వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టింది. అయిదేళ్ళు ఆపైన శిక్ష పడే నేరం కేసులో ముప్పై రోజులు జైల్లో ఉంటే ముఖ్యమంత్రి అయినా, మంత్రి అయినా, ప్రధాని అయినా పదవి ఊడిపోతుందట. దాన్ని ఉభయ సభల సంయుక్త సంఘానికి పంపారు. శిక్ష పడకుండానే పదవి ఎట్లా తీస్తారు, జనం వేసిన ఓటుకి విలువ లేదా, కేంద్రం కక్షకి వాడుకోదా అని ప్రతిపక్షాలు అంటున్నాయి. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఈడీ చేతిలో ఆ చట్టం పెడితే ప్రతిపక్ష ముఖ్యమంత్రుల్ని నెల రోజుల్లో దించొచ్చు. మేమూ ఆ బిల్లుని వ్యతిరేకిస్తున్నాం. కానీ అయ్యల్లారా, మా అక్కకి ముప్పై రోజుల జైలు కూడా అక్కర్లేకపోయింది. కోర్టు లేదు, లాయరు లేడు, ఒక్క కలెక్టరు సంతకం చాలింది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళల్లో ఈ చట్టం నడుస్తుంటే మీ గొంతులు ఎక్కడ దాచుకున్నారు? ఆ చట్టం చేసిన అసెంబ్లీలో కూర్చుంది మీరే గదా?

ఇంకో సంగతి. కక్ష కేసు, నిజం కేసు అని మనం కొట్టుకుంటున్నాం. అసలు కేసే కాని దోపిడీ ఒకటుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటలకు ఎస్సీ ఉప ప్రణాళిక సొమ్ము దగ్గర దగ్గర 700 కోట్లు మళ్ళించారు. మన పిల్లల చదువులకీ ఇళ్ళకీ రావలసింది స్టేడియాల దారి పట్టింది. తప్పు జరిగిందని పార్లమెంటులో హోం మంత్రే ఒప్పుకున్నాడు. ఆటల కంట్రాక్టుల అవినీతిలో 2011 ఏప్రిల్‌లో సురేష్ కల్మాడీని అరెస్టు చేశారు. మన 700 కోట్లకు ఎవరిని అరెస్టు చేశారు? అది అవినీతి కిందకే రాదట, "నిధుల సర్దుబాటు" అట. మన దగ్గర 2013లో కొట్లాడి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. అందరికీ వేసే రోడ్లూ, అందరికీ ఇచ్చే పథకాలూ మన లెక్కలో రాసి మన సొమ్ము ఖర్చయినట్టు చూపించటం ఆగిందా? అక్క భర్త 15 వేలు నేరం. 700 కోట్లు సర్దుబాటు.

అందుకని మా జిల్లా సంఘం ఒక మాట అనుకుంది, మిగతా జిల్లాలోళ్ళు కూడా ఆలోచించండి. ఏ పార్టీ నాయకుడు అరెస్టయినా మన పల్లె నుంచి ఒక్కడు కూడా ఊరేగింపుకి పోకూడదు. సంబరానికీ పోకూడదు, ఏడుపుకీ పోకూడదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ రాజకీయాల్లో నాయక భక్తి గురించి హెచ్చరించింది ఇట్లాంటి వాటికే. మన మనిషి మీద కేసు పడితే మాత్రం ముందు కాగితాలు చూడాలి. తిన్నాడా లేదా మనమే తేల్చాలి, తింటే కక్కించాలి, ఆ తర్వాత ఆ ఫైలు మీద సంతకం పెట్టిన మిగతా చేతులన్నిటి పేర్లూ బయట పెట్టాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. అక్క విషయంలో మా సొంత మనుషులు ఇద్దరు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

చెక్ పవర్ ఆగిన సర్పంచులు, రికవరీ నోటీసు వచ్చిన మాజీ సర్పంచులు ఏ ఊళ్ళో ఉన్నా మీ సంఘం మనిషికి చెప్పండి. ఎం.బుక్ నకలు, తీర్మానం పుస్తకం, ఆడిట్ అభ్యంతరం కాగితం, కలెక్టరు ఉత్తర్వు – ఈ నాలుగూ సమాచార హక్కు కింద అడగండి. తెల్లరేషను కార్డు ఉన్నోళ్ళు ఫీజు కట్టక్కర్లేదు. వాటి జిరాక్సులు పట్టుకుని వచ్చే రెండో ఆదివారం మీటింగుకి రండి. అక్క కూడా వస్తానంది, ఆ నోటీసు పట్టుకుని.